వీధికి జ్వరం చూసిన నక్షానవీసు

అంబదాసు తన జీవితంలో చేసిన పెద్ద తప్పు ఒక మంచి పుస్తకాన్ని నమ్మడం వల్ల జరిగింది. ఆ తప్పును కనిపెట్టింది అతడే, నలుగురిలో పెట్టిందీ అతడే. ఈ రెండింటిలో దేనికి ఎంత విలువ ఇవ్వాలో చదివేవారు తేల్చుకోవచ్చు. అతడు పటం గీసిన వాడలో ఉన్నవారిని వేర్వేరుగా అడిగి, వారి మాటలు ఒకదానితో ఒకటి సరిపోయినంత మేరకే ఇక్కడ రాస్తున్నాను.

కరీంనగరం నుంచి గోదావరి వైపు వెళ్లే దారిలో అతడిది ఒక చిన్న పట్టణం. ఆనాటి మునిసిపాలిటీ సభ్యుల కుటుంబాలు ఇంకా అక్కడే ఉన్నందున ఊరి పేరు చెప్పను. పుట్టింది పద్మశాలి ఇంట్లో. తండ్రి పోయాక అన్న పర్శరాములు చదువు మాని మగ్గం గుంటలోకి దిగాడు కనుక తమ్ముడు బడికి పోగలిగాడు. హైదరాబాదు రాజ్యం ఉండగా ఉర్దూలో చదివి, ఆ రాజ్యం పోయాక ఇంగ్లీషు నేర్చుకొని, మునిసిపాలిటీలో నక్షానవీసుగా కుదిరాడు. వీధులకు, ఇళ్లకు, మురుగుకాల్వలకు పటాలు గీయడం ఆ ఉద్యోగం. అతడి గీత శుభ్రంగా ఉండేది. మాట తక్కువ.

1958లో నేత కుటుంబాలకు కొత్త వాడ కట్టాలని నిర్ణయమైంది. పాత సాలెవాడ ఇద్దరు మనుషులు ఎదురైతే ఒకరు పక్కకు ఒదగవలసినంత ఇరుకు. వానాకాలంలో మురుగు గడప దాటి మగ్గం గుంటల్లోకి దిగేది. పర్శరాములు ఇల్లు ఆ ఏడాది వానలకే సగం కూలింది. కొత్త వాడకు నక్షా గీసే పనిని అంబదాసుకు అప్పగించారు. మునిసిపల్ కచేరీ బీరువాలో ఎవరో పాత ఇంజనీరు వదిలిపోయిన ఇంగ్లీషు పుస్తకం ఉండేది. ప్రతి ఇంటి ముందుగదికీ ఎండ తగలాలనీ, అందుకు వీధులు తూర్పు నుంచి పడమరకు సాగాలనీ, వెడల్పుగా ఉండాలనీ అందులో ఉంది. అంబదాసు దాన్ని అక్షరం తప్పకుండా పాటించాడు. పుస్తకం అబద్ధం చెప్పలేదు. ఏడాదిలో సగం రోజులు సూర్యుడి కోసం ఎదురుచూసే దేశంలో రాసిన పుస్తకం అది. మన వైపు మే నెలలో ఎండ కోసం కిటికీ తెరిచేవారు ఉండరు. ఈ సంగతి అతడికి తట్టలేదు. నక్షాను మెచ్చుకొని సంతకాలు పెట్టిన పెద్దలకూ తట్టలేదు.

కొత్త వాడలో పర్శరాములుకు ఒక ఇల్లు వచ్చింది. దానికొక షరతు ఉంది. ఇంటికి తాళం వేసి ఒక కాలమంతా ఎటైనా పోతే, ఆ ఇంటిని వరుసలో ఉన్న మరొకరికి ఇస్తారు. ఇళ్లు తీసుకొని కిరాయికి ఇచ్చుకునేవారిని ఆపడానికి పెట్టిన షరతు అది. అన్యాయమైనదని చెప్పలేం.

మొదటి ఎండాకాలం రాగానే చిక్కు మొదలైంది. నేతలో ఒక పని ఇంటి లోపల సాగదు. పడుగును, అంటే బట్టకు నిలువుగా వచ్చే పోగులను, వీధి పొడవునా చాచి, గంజి పట్టించి, ఆరేలోపు కుంచెతో దువ్వాలి. దువ్వక ముందే గంజి ఆరితే పోగులు ఒకదానికొకటి అంటుకొని, మగ్గం మీద పుటుక్కుమని తెగుతాయి. పాత వాడలో పొద్దున ఆ పని తీరిగ్గా జరిగేది. కొత్త వీధిలో పొద్దు పొడిచిన కాసేపటికే కుంచె ఆడడం మానేసింది.

ఒకనాటి ఉదయం అంబదాసు అటు వెళ్లేసరికి వదినె కనకవ్వ కుంచె పట్టుకొని నిలబడి ఉంది. అన్న పడుగు పక్కన కూర్చొని అతుక్కున్న పోగులను గోటితో విడదీస్తున్నాడు.

“ఏమైందన్నా?”

“ఏమైతది? గంజి పెట్టంగనే అట్ట గట్టినట్టు గడుతున్నది. తమ్మీ, గంత పెద్ద నక్షా గీసినవు గదా, సూర్యుడు ఏడ పొడుస్తడో దాంట్ల రాసుకున్నవా?”

“ఊకోండ్రి,” అంది కనకవ్వ. “పిలగాడు చాయ తాగకముందే తిట్లు తాగిపిస్తరా?”

“గీ ఎండల చాయ పొయ్యి మీద పెట్టుడెందుకు? బండ మీద పెట్టు, మరుగుతది.”

కారణం మీద వాడలో రకరకాల మాటలు పుట్టాయి. కొత్త సున్నం గచ్చు వేడి లాగుతోందని పర్శరాములు అన్నాడు. కొత్త బావి నీళ్లలో ఉప్పుందని, గంజి అందుకే చెడుతోందని ఇంకొందరు. నేతగాళ్లకు బద్ధకం ఎక్కువై కొత్త చోట పని చేయలేకపోతున్నారని కచేరీలో అన్నారు. నీళ్లు పాత బావి నుంచి మోసి తెచ్చి చూశారు. గంజి అట్లాగే ఆరింది. కాబట్టి బావి మీద నేరం నిలవదు. మిగతా మాటలను ఎవరూ పరీక్షకు పెట్టలేదు.

వైశాఖం రాకముందే పర్శరాములు మగ్గం విప్పి బండికెత్తాడు. పాత వాడలో భూమన్న అనే పాత స్నేహితుడి వసారాలో దింపాడు. కూలిన ఇల్లు పాడుపడిపోయింది, కొత్త ఇంటికి తాళం పడింది. షరతు ప్రకారం ఆ ఇల్లు వానాకాలం నాటికి పరాయివాళ్లది కావాలి. అన్న నీడ తన గీత వల్ల పోతుందేమో అన్న ఆలోచన అంబదాసును అప్పుడే పట్టుకుంది.

వేడి నిజంగా ఎక్కడ ఎక్కువో, ఎక్కడ తక్కువో కొలిచి నక్షా మీద పెట్టాలనుకున్నాడు. ఉన్నత పాఠశాల విజ్ఞాన శాస్త్రం మాస్టరు రామేశ్వర్‌రావును అడిగి ఒక థర్మామీటరు తెచ్చుకున్నాడు. నడివీధిలో నిలబడి గాజు కడ్డీని ముఖానికి ఎదురుగా పట్టుకొని చూసే మనిషిని ఆ ఊరు అంతకు ముందు ఎరగదు.

“ఏందిరా అంబదాసు, వీధికి జ్వరం చూస్తున్నవా?” అన్నాడు భూమన్న. “నాలిక కింద పెట్టు, మంచిగ తెలుస్తది.”

“వీధికి నాలికేడిదే?” అన్నారెవరో.

“ఉన్నది. మొన్న మనోళ్లు పంచాయితీల కూసుంటే వినలేదా?”

అంబదాసు నవ్వి ముందుకు నడిచాడు. కొద్ది రోజులు తిరిగి, వేడి ఎక్కువున్న చోట ఎర్ర పెన్సిలు, తక్కువున్న చోట నీలం పూసి నక్షా తయారు చేశాడు. ఊరంతా ఎర్రగానే వచ్చింది. మాస్టరు దాన్ని చూసి పక్కన పెట్టాడు.

“దీన్ని ఎండలో పట్టుకున్నావా?”

“అవును సార్.”

“అయితే నువ్వు కొలిచింది వీధిని కాదు. ఎండకు కాలిన గాజును. గాలి వేడి తెలియాలంటే కడ్డీ మీద ఎండ పడకూడదు. గొడుగు కింద పట్టు, గోడకు దూరంగా. ఇంకొకటి. రోజూ ముందు పాత వాడకు పోయి తర్వాత కొత్త వాడకు పోతే, పొద్దెక్కినకొద్దీ కొత్త వాడ వేడిగానే కనబడుతుంది. ఒకరోజు ఇటు నుంచి నడువు, ఒకరోజు అటు నుంచి.”

మొదటి నక్షాను అంబదాసు చింపేశాడు. మళ్లీ నడిచాడు, ఈసారి నల్ల గొడుగుతో. పరిహాసాలు రెట్టింపయ్యాయి. రోగికి గొడుగు కూడా పట్టవలసి వచ్చిందని భూమన్న ఊరంతా చాటాడు.

రెండో నక్షా చెప్పిన సంగతులు ఎవరి వాదానికీ పూర్తిగా కలిసిరాలేదు. నడినెత్తిన పొద్దున్నప్పుడు పాత వాడకూ కొత్త వాడకూ తేడా బహు స్వల్పం. పొద్దు గుంకాక పాత వాడ రాతిగోడలే ఎక్కువసేపు వేడిని పట్టుకున్నాయి. తేడా అంతా పొద్దుటి పూట, మాపటి పూట ఉంది. పాత వాడ ఉత్తరం నుంచి దక్షిణానికి సాగుతుంది. కనుక పొద్దున తూర్పు వరస ఇళ్లు, మాపున పడమటి వరస ఇళ్లు దారికి నీడ ఇస్తాయి. కొత్త వీధి సూర్యుడి దారినే సాగడంతో పొద్దు పొడిచింది మొదలు గుంకేదాకా ఎండ దాని పొడవునా పారుతుంది. పడుగు దువ్వేది సరిగ్గా ఆ పొద్దుటి వేళలోనే. అన్నిటికంటే నీలంగా వచ్చింది పాత వాడ కాదు. పాత రాజ్యపు అధికారి తాలూక్‌దారు బంగళా వెంట వెనుకటి సర్కారు నాటించిన చెట్ల వరస కింది బాట. అది కూడా తూర్పు పడమరలుగా పోయేదే.

అంటే వీధి వాటం తప్పు. ఆ తప్పును చెట్టు సగమైనా సరిదిద్దగలదు. ఇంతవరకు రుజువైంది.

ఆ నక్షా మునిసిపల్ కమిటీ ముందుకు వెళ్లినప్పుడు చైర్మన్ సీతారాంరావు దాన్ని చాలాసేపు చూశాడు. ఆయన భూములున్న ఇంటివాడు, ముక్కుసూటి మనిషి.

“ఏమయ్యా అంబదాసు, తాళం పడ్డది నీ అన్న ఇంటికి. ఎర్ర రంగు పూసింది నువ్వు. గిట్లెట్ల నమ్మాలె?”

“నమ్మొద్దు దొరా. నేను లేకుండ ఇంకెవలతోనన్న చూపియ్యిండ్రి.”

“గీ వీధి గీసిందెవలు?”

“నేనే.”

“తప్పని నీకెప్పుడు తెలిసింది?”

“అన్న మగ్గం బండికెత్తినంక.”

అడిగిన తీరు కఠినమే. కాని అడగవలసిన ప్రశ్న అది. అంకెలను సరిచూడడానికి మాస్టరు రామేశ్వర్‌రావును ఒంటరిగా పంపారు. ఆయన అంకెలు చాలావరకు కలిశాయి. రెండు చోట్ల మాత్రం అంబదాసు కొత్త వీధిని ఉన్నదానికంటే వేడిగా చూపాడు. ఆ రెండు చోట్ల రంగు మార్పించి కమిటీ మిగతాది ఒప్పుకుంది. ఎండ కారణంగా మగ్గం తరలించినవారు ఇల్లు వదిలినట్టు కాదని తీర్మానించింది. రాబోయే రెండో వీధిని ఉత్తర దక్షిణాలుగా, ఇంకొంచెం సన్నగా వేయాలంది. మొదటి వీధిలో చెట్లు నాటాలంది. రెండో వీధి నక్షాను మాత్రం కరీంనగరం నుంచి వచ్చిన మరొకరికి ఇచ్చారు. అంబదాసు ఆ తర్వాత మురుగుకాల్వల పటాలే గీశాడు. పూర్తి న్యాయమని నేను అనను. చెప్పుకోదగ్గ అన్యాయమని అతడూ అనలేదు.

చెట్ల మాట వినగానే ఎదురు తిరిగింది నేతగాళ్లే. వారిలో ముందున్నది పర్శరాములు.

“చెట్టు పెడితే కాకులొస్తయ్. కాకి పడుగు మీద రెట్టేస్తే గా చీర నువ్వు కొంటవా తమ్మీ?”

“నేనెందుకు కొంట?”

“మరి నాటుడెందుకు?”

ఆ అభ్యంతరం తేలికైనది కాదు. వేపపండు రాలే రోజుల్లో కాకులూ గోరింకలూ దిగుతాయి, మర్రికీ రావికీ అంతే. కాయను పక్షి ముట్టని చెట్టు కావాలి, నడి ఎండల్లో ఆకు నిండుగా ఉండాలి. కానుగ ఈ రెండింటికీ సరిపోయింది. మొక్కలు ఖానాపూర్ వైపు నుంచి బండి మీద వచ్చాయి. తర్వాతి తగువు ఏ పక్క నాటాలన్నది. రెండు పక్కలా నాటితే పడుగు చాచడానికి చోటుండదు. అంబదాసు ఈసారి పుస్తకం తెరవలేదు. వీధి నడుమ ఒక వెదురు గడ పాతి, పడుగు దువ్వే వేళకు దాని నీడ ఎటు పడుతుందో అందరికీ చూపించాడు. ఎండాకాలపు సూర్యుడు తూర్పుకు కాస్త ఉత్తరంగా పొడుస్తాడు గనుక నీడ కాస్త దక్షిణానికి ఒరిగింది. చెట్లు ఉత్తరపు పక్క ఉంటే నీడ పడుగు మీదికి వస్తుంది.

ఉత్తరపు పక్క ఇళ్లలో పర్శరాములుది ఒకటి. గడప ముందు చెట్టు అంటే బండి తిప్పుకోవడం కష్టం, ఆకు ఊడ్చుకోవడం నిత్యం. దక్షిణపు వరసవాళ్లు సంబరంగా తలలూపారు. ఉత్తరపు వరసవాళ్లు పర్శరాములు ముఖం చూశారు. అతడు గడ నీడను చూశాడు, తమ్ముణ్ని చూశాడు.

“గడ్డపార తే,” అన్నాడు కనకవ్వతో. మొదటి గుంత అతడే తన వాకిట్లో తవ్వాడు.

చెట్టు నీడ తీర్మానం అయిన నాడు రాదు. పర్శరాములు ఆ తర్వాత కూడా ప్రతి ఎండాకాలం మగ్గాన్ని భూమన్న వసారాకు మోశాడు, వానలకు తిరిగి తెచ్చాడు. మొక్కల్లో కొన్ని మేకలపాలయ్యాయి. వాటి చోట మళ్లీ పెట్టారు. ఆ ఏళ్లలో అన్నదమ్ములు బాగానే మాట్లాడుకున్నారని కొందరు, లేదని కొందరు అన్నారు. రెండూ నిజమై ఉండవచ్చు.

1967 వేసవిలో అంబదాసు ఆ వీధికి వెళ్లేసరికి పడుగు చాచి ఉంది. మగ్గం ఇంట్లోనే ఉంది. కానుగలు కొత్త ఆకుతో కమ్ముకొని, పూలు పేలాల్లాగా కింద పరుచుకున్నాయి. కనకవ్వ గంజి తడి మీద పడిన పూలను ఏరుతూ విసుక్కుంటోంది.

“చూసినవా అంబదాసు, నీ చెట్లు? పొద్దంత గిదే పని. ఏరుడు, ఊడ్సుడు.”

పర్శరాములు కుంచె ఆపకుండానే అన్నాడు.

“ఊడువు. పూలను ఊడ్వొచ్చు. ఎండను ఊడుస్తవా?”