అబ్సల్యూట్లీ నీళ్లుండాయి

నా చిన్నప్పుడు మా నల్లమాడ పక్క పల్లెల్లో బోరు వేయించాలంటే, ముందు అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరిగే మనిషిని పిలిపించేవాళ్లు. చేతిలో అడ్డంగా పడుకున్న టెంకాయ ఎక్కడ నిటారుగా లేస్తే అక్కడ నీళ్లున్నట్టు. మా ఇంటికి వచ్చినాయన తెల్ల ప్యాంటు వేసుకుని, ప్రతి మాటకూ ముందు 'అబ్సల్యూట్లీ' తగిలించేవాడు. మా చేలో తాను చూపించిన చోట నీళ్లు అబ్సల్యూట్లీ పడతాయి. మా అమ్మ చేసిన ఉగ్గాని అబ్సల్యూట్లీ బాగుంది. ఇప్పుడు టీవీలో ప్లాట్లు అమ్మేవాళ్లు ఆ మాట అంటే నేను టీవీ కట్టేస్తాను. దానికి కారణం ఆ మనిషే.

ఆ మాటకు అర్థమేమిటని పక్కింటి అక్కను అడిగాను. ఆమె కదిరిలో కాలేజీకి పోయేది. 'పూర్తిగా, ఇంక అనుమానమే లేకుండా' అని అర్థమట. గట్టిగా చెప్పాలనుకున్నప్పుడు అసలు మాటకు ముందు చేరుస్తారట. ఒట్టు పెట్టుకోవడం లాంటిదా అని అడిగితే, ఒట్టు తప్పితే భయమైనా ఉంటుంది, దీనికి అది కూడా లేదని నవ్వింది.

మా నాయనకు మాత్రం ఆ మాట తలకెక్కింది. వరసగా వానలు లేక వేరుశనగ ఎండిపోయి, మాకు మిగిలినవి గొర్రెలే. వాటిని ముదిగుబ్బ సంతలో అమ్మి బోరు వేయిస్తానన్నాడు. అవి కూడా పోతే బెంగళూరుకు కూలికి పోవడమేనని అమ్మ ఏడ్చింది.

తాతయ్య గొడవ పడలేదు. ఆ టెంకాయ పెద్దమనిషిని మర్యాదగా వెంటబెట్టుకుని చేను దక్షిణం మూలకు తీసుకుపోయాడు. వెనకే నాయనా, నేనూ. అంతకు ముందు ఎప్పుడో వేసిన బోరు ఒట్టిదైపోతే, గొర్రెపిల్లలు పడకుండా తాతయ్యే అక్కడ బండ కప్పి పైన మన్ను పోశాడు. మా ఇంట్లోవాళ్లకు తప్ప ఆ సంగతి తెలియదు. నాయన నోరు తెరవబోతే తాతయ్య కంటితోనే ఆపాడు. ఆ మన్ను మీద నిలబెట్టి, ఇక్కడేమైనా ఉందేమో చూడమన్నాడు. టెంకాయ లేచి కూర్చుంది.

"ఈడ అబ్సల్యూట్లీ నీళ్లుండాయి పెద్దాయనా. మూడించుల నీళ్లు."

తాతయ్య కాలితో మన్ను తోసి, బండ పక్కకు జరిపి, లోపలికి ఒక రాయి వదిలాడు. అది గోడలకు తగులుతూ పోయిన చప్పుడు చాలాసేపు వినబడింది గానీ నీటి చప్పుడు రాలేదు. ఆ మనిషి మొహం ఏమాత్రం చిన్నబోలేదు. ఇక్కడ పొర కొంచెం తప్పింది, తాను మొదట చూపించిన చోట అబ్సల్యూట్లీ ఢోకా లేదన్నాడు. ఛీ, అప్పుడు కూడా అదే మాట. మా అమ్మ చేతి తిండి తిన్న నోటితోనే అన్నాడు.

అయినా నాయన గొర్రెల్ని అమ్మేశాడు. కళ్లారా చూసి కూడా అమ్మేశాడు. నీళ్లకు మొహం వాచిన మనిషికి ఆ మాట అంత తియ్యగా ఉంటుందని నాకప్పుడు తెలియదు. బోరు బండి రోజంతా అరిచి తెల్లటి రాతిదుమ్ము కక్కింది. నాయన ఆ దుమ్ములోనే కూలబడి తాతయ్య మీద కోపం తీర్చుకున్నాడు. నీళ్లు పడనే పడవని గట్టిగా ఒక్క మాట చెప్పి ఉంటే ఆగేవాణ్ణి కదా అని.

తాతయ్య ఆయన పక్కనే కూర్చున్నాడు.

"వాడు దొంగ అని నాకు తెలుసు, అది నీకు చూపించినా. నీళ్లు పడ్తాయో పడవో నాకేం తెలుసప్పా? తెలియంది యాడ నుంచి చెప్పేది?"

మేం బెంగళూరు చేరాం. అమ్మ ఇటుకలు మోసింది. ఒక్క అబద్ధం ఆడి కొడుకును ఆపనందుకు ఆమె తాతయ్యను చివరిదాకా క్షమించలేదు. ఆమె తప్పని నేను అనలేను. కానీ మా మనవరాళ్లు ఏదైనా అడిగినప్పుడు, నాకు తెలియకపోతే తెలియదనే చెబుతాను. అవ్వకు ఏమీ తెలియదని వాళ్లు నవ్వుకుంటారు. నవ్వుకోనీ.