చక్కెర లేని చాయ్

పొద్దుగాల్నే అమ్మ ఫోన్ చేసి "మీ చిన్నబాపు పోయిండు బిడ్డా" అన్నది. నేను నోరు తెరవకముందే, అదే ఏడుపు గొంతుతోని, "ఎవలన్న అడిగితె షుగర్ ఎక్కువై పోయిండని చెప్పు. ఇంకో మాట రానియ్యకు" అన్నది. డాక్టరేమో గుండెపోటు అన్నడు. గుండెపోటు చెప్పుకోరానిదా? కాదు. ఇన్నేండ్లు షుగర్ అని చెప్పినంక ఇప్పుడు మాట మారిస్తె జనం ఆరా తీస్తరని మా అమ్మ భయం. మనిషి పోయిండని ఏడ్వాల్నో, ఈమె ముందుచూపుకు నెత్తి కొట్టుకోవాల్నో తెల్వక ఫోన్ పట్టుకొని అట్లనే నిలవడ్డ.

చిన్నబాపు అంటె మా బాపుకు తమ్ముడు. ఆయనకు షుగర్ లేదు. జన్మల లేకుండె. ఆయన మింగిన గోళీలు మనసు బాగుండనీకె డాక్టర్ రాసిచ్చినవి. ఈ ముచ్చట మా ఇంట్ల నలుగురికి తప్ప ఎవ్వలికి తెల్వకుండె. ఇయ్యాల మీకు చెప్తున్న. ఆయన గురించి రాసుకుంట ఇది దాస్తె, నేను రాసేదంత ఉత్తదే అయితది.

మాది జక్రాన్‌పల్లి దిక్కు. పసుపు, వరి ఏసుకునేటోళ్లం. చిన్నబాపు జర చదువుకున్నోడని బోధన్ దిక్కు ఒక చక్కెర ఫ్యాక్టరీల కాంట మీద నౌకరి దొరికింది. చెరుకు బండ్లను తూకం వేసే పని. వింటె అల్కగనే అనిపిస్తది. సీజన్ల పోయి చూస్తె తెలుస్తది సంగతి. రోడ్డు పొడుగుత ట్రాక్టర్లు నిలవడి ఉంటయ్. ఎండకు చెరుకు ఎండుకుంట బరువు తగ్గుతుంటది, రైతుకు కడుపు మండుతుంటది, ఆ మంటంత కాంట కిటికీల నుంచి లోపల కూసున్నోని మీద పడ్తది. వెనుక నుంచి సార్లు, మిషన్ ఆగొద్దు, బండ్లు ఎందుకు కదుల్తలేవని ఒకటే లొల్లి. నడుమ మా చిన్నబాపు. మారు తిట్టే రకం కాదాయె. పడ్డ తిట్లన్ని టిఫిన్ డబ్బల పెట్టుకొని ఇంటికి తెచ్చుకునేటోడు.

అన్నేండ్లు కాంట మీద కూసున్న మనిషికి బరువు అందాజ మాత్రం ఒక్కనాడు రాలె. చేతికి ఏది దొరికితె అది లేపి చెప్పేటోడు. మా పిల్లగాన్ని సంకల కింద పట్టి లేపి "ఇరవై కిలోలు పక్కా" అనేటోడు, వాడు పన్నెండు కూడ లేకుండె. గుమ్మడికాయ లేపినా గంతే. మేము నవ్వితె "మిషన్ చూపిన అంకెను నేను గట్టిగ ఒర్రుడే గద, నాకెట్ల తెలుస్తది" అని ఆయన గూడ నవ్వేటోడు.

ఒక సీజన్ల ఆయనకు నిద్ర బంద్ అయింది. అన్నం ముందట కూసొని కంచాన్ని అటు జరుపుడు, ఇటు జరుపుడు. "తూకం కుదురుతలేదు" అనేటోడట. కొన్నాళ్లకు ఆ మాట గూడ బంద్. గోడ దిక్కు తిరిగి కూసున్నడు. అది చూసి మా అవ్వ గొల్లున ఏడ్చింది, ఎందుకంటె మా తాత గూడ గట్లనే కూసునేటోడు. తాతకు గాలి సోకిందని తాయెత్తు కట్టించిండ్రు. తాత అక్క కథ గూడ గదే అంటరు. ఇది మా ఇంట్ల అందరికి తెలుసు. ఎవ్వలు నోటితోని అనరు. అంటె ఖాన్‌దాన్‌ల పిచ్చి ఉన్నదని పిల్లలకు సంబంధాలు రావట.

చిన్నమ్మ తాయెత్తు జోలికి పోలె. ఆయన చెయ్యి పట్టుకొని బస్సెక్కించి నిజామాబాద్‌ల ఒక డాక్టరమ్మ తానకు తీసుకపోయింది. "ఇది రక్తంల వచ్చిందా మేడం, నౌకరితోని వచ్చిందా?" అని అడిగిందట. ఆ డాక్టరమ్మ గూడ పసుపు రైతుల బిడ్డే. "పసుపుకు దుంపకుళ్లు వస్తది గద, గట్ల అనుకో. విత్తనంల కొంచెం దాగి ఉండొచ్చు. మడిల నీళ్లు నిలిస్తె అది బయటపడ్తది. నీళ్లు తీసేస్తె అదే విత్తనంతోని మంచి పంట గూడ వస్తది. తాతకు ఉన్నదని మనుమనికి రావాలని లేదు, ఇంట్ల ఎవ్వలికి లేకున్నా మరీ నీళ్లు నిలిస్తె వస్తది" అన్నది. గోళీలు రాసింది. పని గూడ మార్చుకొమ్మని చెప్పింది.

చిన్నబాపు పోయి, కాంట వద్దు, గేటుకాడ పని ఇయ్యిండ్రి అని అడుక్కున్నడు. దానికి మా ఇంట్ల లొల్లే లొల్లి. కాంట బాబు గేటుకాడ నిలవడుతడా, మా ఇజ్జత్ ఏంగాను అని మా బాపు అన్నం తినలె. చిన్నబాపు మాత్రం చప్పుడు చేయక గేటుకాడికే పోయిండు. నిద్ర వచ్చింది. గుమ్మడికాయల బరువు తప్పు చెప్పుడు మళ్ల మొదలైంది. "విత్తనం నా చేతుల లేకుండె బిడ్డా, నీళ్లు తీసుడు ఉండె, తీసిన" అనేటోడు. ఆయన మాటలల్ల నాకు బాగ యాదికున్నది ఇదొక్కటే.

ఇగ షుగర్ కథ. ఒకనాడు మా మేనత్త వచ్చి కిటికీల గోళీలు చూసి "ఇవేంటివి?" అన్నది. అమ్మ టక్కున "షుగర్‌యి" అన్నది. అయిపాయె! ఆ పొద్దు నుంచి ఎవలింటికి పోయినా ఆయనకు చక్కెర లేని చాయ్. పెండ్లిల లడ్డు ఇస్తలేరు. పక్కింటామె పొద్దున్నే కాకరకాయ రసం తెచ్చి ముందట నిలవడుతుండె, గ్లాసు ఖాళీ అయ్యేదాంక కదలకుండె. చక్కెర ఫ్యాక్టరీల నౌకరి చేసిన మనిషి, బెల్లం పాకం వాసనకే మురిసే మనిషి, ఆ రసం గటగట తాగి "మంచిగున్నది అక్కా" అనేటోడు. నాకు ఒళ్లు మండేది. "ఇంట్లనన్న తీపి చాయ్ తాగరాదు, ఎవలు చూస్తరు?" అని కొట్లాడిన. "ఇంట్ల తీపి తాగితె బయట చప్పటిది దిగదు బిడ్డా. మీ అమ్మ మాట పోతది" అన్నడు. గంత మంచితనం ఎవలికి కావాలె చెప్పండ్రి! చిన్నమ్మ నవ్వుకుంట "మీ చిన్నబాపు గ్లాసు ఏడ పెట్టినా ఫికర్ లేదు, చీమలు గూడ రావు" అనేది.

నవ్వులతోనే పోతె బాగుండు. నందిపేట్‌ల ఒక పెండ్లిల ఎండకు ఆయన కండ్లు తిరిగి కూలవడ్డడు. ఒక చుట్టం, పాపం మంచికే, "షుగర్ పెరిగింది" అని తన జేబుల షుగర్ గోళీ తీసి నోట్లె ఏసిండు. ఇంకొకాయన ఇంకొకటి ఏసిండు. లేని రోగానికి గోళీలు మింగితె ఏమైతది? చెమటలు పట్టి, మాట తడబడి, దవాఖానల పడ్డడు. అక్కడ డాక్టర్ "ఇంత తక్కువకు ఎట్ల పడిపోయింది? అసలు షుగర్ ఉన్నదా ఈయనకు?" అని అడుగుతుంటె మా అమ్మ, నా కండ్ల ముందటనే, "ఉన్నది సార్" అన్నది! బెడ్డు మీద నుంచి చిన్నబాపు సన్నగ "లేదు సార్" అన్నడు. పాణం మీదికి వచ్చిననాడు తప్ప ఆయన నిజం చెప్పలె. బయట చుట్టాలకు మాత్రం మళ్ల షుగరే.

ఇప్పుడు నా సంగతి. నేను పంచాయతీ సెక్రటరీని. పొద్దున్నే ఊర్లె నిలవడి హాజరు ఫోటో పెట్టాలె. మోరీల సఫాయి, నీళ్లు, పన్నులు, సర్వేలు, వీటి మీద గ్రూపులల్ల మెసేజులు. స్నానం చేసి వచ్చేవరకు "ఇంకా ఎందుకు పంపలేదు" అని నలుగురి ముందట అడుగుతరు. ఫోన్ మోగుడు ఆగదు. ఒకనాడు ఫోన్ తీసుకపోయి బియ్యం డబ్బల పెట్టి మూత పెట్టిన. అది ఎవ్వలు చూడలె, చుట్టపుచూపుగ వచ్చిన చిన్నబాపు చూసిండు. మూత తీసి, ఫోన్ లేపి, "అర కిలో ఉన్నది" అన్నడు. నేను నవ్వబోయి ఏడ్చిన. తెల్లారి నన్ను అదే బస్సుల అదే డాక్టరమ్మ తానకు తీసుకపోయిండు.

గోళీలు రాసిచ్చిందని తెలిసి అమ్మ ఏమన్నదో తెలుసా? "మీ అత్తగారింట్ల థైరాయిడ్ అని చెప్పుదాం. ఇప్పుడు అందరికి ఉంటున్నది." చిన్నబాపు ఎన్నడు వదినకు ఎదురు మాట్లాడలె. ఆ పొద్దు మాట్లాడిండు. "వదినా, నాకు చక్కెర బంద్ చేసినవ్. ఇగ పిల్లకు ఏం బంద్ చేస్తవ్?"

క్యాబేజీ బంద్ అయింది. థైరాయిడ్ ఉన్నోళ్లు క్యాబేజీ తినొద్దని మా అత్తమ్మకు ఎవలో చెప్పిండ్రు. ఆ పొద్దు నుంచి మా ఇంట్ల క్యాబేజీ లేదు. నాకోసమని ఇంటిల్లిపాదికి బంద్ పెట్టింది ఆ మహాతల్లి. పని తగ్గించమని ఆఫీసుల అడుగుదామంటె థైరాయిడ్‌కు ఎవలు పని తగ్గిస్తరు? చిన్నబాపు గేటుకాడికి పోయినట్టు నేను పోవాలంటె ముందుగాల రోగం పేరు చెప్పాలె. చెప్తె అత్తగారింట్ల ఏమంటరో అని నాకు భయం, ఏదో ఒకటి అననే అంటరని అమ్మకు భయం. గోళీలు మింగుకుంట, నీళ్లు నిలవెట్టుకొని కూసున్న. పోయినసారి కలిసినప్పుడు గూడ చిన్నబాపు "అడిగినవా?" అన్నడు. "అడుగుత" అన్న. ఆయన పోయిండు.

మూడో దినం పిట్టకు పెట్టుడు. పొలం గట్టు మీద విస్తరాకుల ఆయనకు ఇష్టమైనవన్ని పెట్టి, కాకి ముడితె మా వాళ్లకు తృప్తి. అన్నం, గారెలు, కోడికూర పెట్టిండ్రు. చిన్నమ్మ ఫ్లాస్క్‌ల నుంచి ఆయన స్టీలు గ్లాసుల చాయ్ పోసింది. నేను వేలు ముంచి నాకిన. చప్పటి చాయ్.

సచ్చిపోయినంక గూడనా! "చక్కెర ఏది?" అన్న. అమ్మ నా రెక్క పట్టి గుంజింది. "నలుగురు ఉన్నరు, ఊకో" అన్నది. "నలుగురు ఉన్నరనే అంటున్న. చిన్నబాపుకు షుగర్ లేదు. ఎన్నడు లేదు. ఆయనవి మనసుకు వాడే గోళీలు. తాతకు గూడ గదే ఉండె, గాలి గాదు. నాకు థైరాయిడ్ లేదు. నావి గూడ అవే గోళీలు" అన్న.

కాకరకాయ రసం అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. నేను పిట్టకు పెట్టుడుకు వచ్చిన మా అత్తమ్మ మొఖం చూసిన. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, "గట్లయితె గా క్యాబేజీ ఎందుకు బంద్ పెట్టించినవే? తిని ఎన్నొద్దులాయె!" అన్నది. కోపంతోనే అన్నది. అని, నడుముకున్న సంచిల నుంచి చక్కెర పొట్లం తీసి నా చేతుల పెట్టింది. అన్నం కాడ పిల్లలకు పెరుగుల కలిపియ్యనీకె తెచ్చుకున్నదట.

గ్లాసుల పోసిన. తక్కువ కాదు, మొత్తం పోసిన. చిన్నమ్మ పుల్లతోని కలిపింది, కలుపుకుంట ఏడ్చింది. కాకి వచ్చి గారె ఎత్తుకపోయింది, చాయ్ దిక్కు చూడనన్న చూడలె. అమ్మ నాతోని మాట్లాడకుంట ముందుగాల నడిచింది. రేపు ఆఫీసుల అడగాలని అనుకుంట నేను గూడ లేచిన. గట్టు దిగుకుంట ఒక్కసారి ఎనుకకు తిరిగి చూసిన. ఆయన గ్లాసుకు చీమలు బారులు కట్టినయ్.