కుదుపు దాటిన శ్రీశైలం

ఇస్నాపూర్ చౌరస్తా నుంచి మందుల ఫ్యాక్టరీకి కార్మికులను చేరవేసే బస్సు నడుపుతాడు శ్రీశైలం. ఇరవై రెండేళ్లలో ఆయన బండికి చిన్న గీత కూడా పడలేదు. అలాంటి మనిషికి నిరుడు వానాకాలంలో ఒక గుబులు పట్టుకుంది. చక్రం గుంతలో పడి కుదుపు వస్తే చాలు, ఎవరినో తొక్కేశానేమో అనిపించేది. అద్దంలో చూస్తే రోడ్డు ఖాళీ. అయినా మనసు ఒప్పేది కాదు. అందరినీ గేటు దగ్గర దించేసి, ఖాళీ బస్సు వెనక్కి తిప్పి, గుంత గుంతకూ ఆగి చూసేవాడు. ఇంట్లో పేపరు ముందేసుకుని ప్రమాదాల వార్తలు వెతికేవాడు.

"ఎవ్వరికీ ఏం కాలే" అని భార్య వనజ రోజుకు పదిసార్లు చెప్పేది. ఆ మాట కాసేపే పనిచేసేది.

చివరికి "ఇగ నౌకరి ఇడిసిపెడ్త" అన్నాడు. వనజ ఆయన్ని సంగారెడ్డి పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది.

"నాకు పిచ్చి లేసిందా మేడం?" అని డాక్టర్ ఇంద్రజను అడిగాడు.

"లేదు. దీన్ని ఓసీడీ అంటారు. ఇలాంటి అనుమానాలు అందరికీ వస్తాయి, పోతాయి. మీకు పోవడం లేదు. వెనక్కి వెళ్లి చూసినకొద్దీ అది ముదురుతుంది. మందులిస్తాను. కానీ చూడకుండా ఓర్చుకోవడం మీరే నేర్చుకోవాలి." తర్వాత వనజ వైపు తిరిగింది. "మీరు కూడా ఏం కాలేదని చెప్పడం మానెయ్యాలి. ఆ ఓదార్పు కూడా అనుమానాన్ని పెంచుతుంది."

మందు ఒంటికి అలవాటయ్యేదాకా రెండు వారాలు సెలవు పెట్టాడు. మళ్లీ డ్యూటీకెక్కిన రోజే గుంతలో కుదుపు తగిలింది. గేటు దగ్గర అందరినీ దించేశాక వనజకు ఫోన్ చేశాడు.

"ఏందో తగిలినట్టయింది. పోయి సూసి రానా?"

"నాకు తెల్వదు. చాయ్ తాగినవా?"

ఒళ్లు మండింది. కానీ స్టీరింగ్ పట్టుకుని అక్కడే కూర్చున్నాడు. చెమటలు పట్టాయి, గుండె దడదడలాడింది. ముప్పావుగంట గడిచాక, ఎవరూ సముదాయించకుండానే ఆ దడ తగ్గింది. దానంతటదే తగ్గుతుందని అప్పటిదాకా ఆయనకు తెలియదు.

ముసురు పట్టిన రోజుల్లో అనుమానం ఇప్పటికీ తొంగిచూస్తుంది. మధ్యలో రెండుసార్లు వెనక్కి వెళ్లాడు కూడా. ఆ సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పాడు. అయితే ఇప్పుడు డ్యూటీ దిగితే నేరుగా ఇంటికే వస్తున్నాడు. డాబా మీద తొట్లలో చిక్కుడు పెట్టి, తీగకు పందిరి కట్టాడు. మొన్న మొదటి కోత కోసి వనజ కూర వండితే, ఇద్దరూ మెట్ల మీద కూర్చుని తీరిగ్గా తిన్నారు.