మళ్లీ పనిలో పెట్టుకుంటారా?

ఆ డేకేర్‌లో పంతొమ్మిదేళ్లుగా సూపర్‌వైజరుగా ఉన్న ఆమెను తల్లులంతా గడియారమ్మ అనేవారు. పాలు పదింటికంటే పదింటికే పట్టాలి. ఒక్క నిమిషం అటూ ఇటూ అయినా ఆయాలకు చీవాట్లు తప్పవు. ఆమె సంతకమున్న సిఫారసు లెటర్ చూపిస్తే చాలు, ఏ డేకేర్‌లోనైనా కళ్లు మూసుకుని పనిలో పెట్టుకునేవారు.

కొత్త ఆయా కూడా వేరే చోటి నుంచి అలాంటి లెటరే పట్టుకొచ్చి చేరింది. మెత్తని మనిషి. "అక్కా, అక్కా" అంటూ గడియారమ్మ వెనకే తిరిగేది. ఆయా గదిలో పన్నెండుమంది ఏడాది పిల్లలు. పక్క గదుల్లో ఏడుపులూ పెడబొబ్బలూ చెవులకు చిల్లులు పొడుస్తుంటే, ఈ గదిలో మాత్రం మధ్యాహ్నం ఒంటిగంటకల్లా ఫ్యాను చప్పుడు తప్ప మరేమీ వినిపించేది కాదు. "నీ చేతిలో ఏం మంత్రముందే!" అని తోటి ఆయాలు ఆటపట్టించేవారు.

ఒకరోజు సాయంత్రం ఐదైనా ఒక పాప లేవలేదు. తల్లి ఎత్తుకోబోతే తల వాలిపోయింది. మొహాన నీళ్లు చల్లి అరికాళ్లు రుద్దితే, పావుగంటకు కళ్లు తెరిచింది. జ్వరమేమోనంటూ తల్లి తీసుకెళ్లిపోయింది. గడియారమ్మ మాత్రం ఆ గదంతా గాలించింది. డయపర్ల వెనక జలుబు మందు సీసా దొరికింది. ముప్పాతిక వంతు ఖాళీ.

"పిల్లలు అలిసిపోతారు కదక్కా," అంది ఆయా, ఏమాత్రం తడబడకుండా. "ఒక్క చెంచానే."

యజమానురాలు తలుపు మూసి గొంతు తగ్గించింది. "ఇది బయటికి పొక్కితే మన కొంప మునుగుతుంది. ఉత్తినే పొమ్మంటే రచ్చ చేస్తుంది. మంచి లెటర్ ఇచ్చి సాగనంపు."

"పసిపిల్లలతో పని కదా మేడం..."

"అందుకేగా మన దగ్గర వద్దంటున్నాను!"

గడియారమ్మ రాసింది. 'ఓర్పు గల మనిషి. ఈమె దగ్గర పిల్లలు హాయిగా నిద్రపోతారు.' అందులో అబద్ధమేముందని తనకు తానే సర్దిచెప్పుకుంది.

వారం తిరక్కుండా ఊరి అవతలి డేకేర్ నుంచి ఫోన్ వచ్చింది. అవీ ఇవీ అడిగాక అక్కడి యజమాని, "మీరైతే ఆమెను మళ్లీ పనిలో పెట్టుకుంటారా అండీ?" అన్నాడు. మేడం ఎదురుగానే కూర్చుని చూస్తోంది.

"పెట్టుకుంటాం," అంది గడియారమ్మ.

ఆ రాత్రి భర్తతో చెబితే, "అందరూ చేసేదేగా! నీకెందుకొచ్చిన గొడవ," అని టీవీ వంక తిరిగాడు. అలాగే రెండు రోజులు గడిచాయి. మూడోరోజు ఇక ఉండబట్టలేక, పాత ఫైళ్లలోంచి ఆయా మొదట తెచ్చుకున్న లెటర్ బయటికి తీసింది. 'ఓర్పు గల మనిషి. పిల్లలను ఇట్టే నిద్రపుచ్చుతుంది.' కిందున్న నంబరుకు ఫోన్ చేసింది. ఎవరో పెద్దావిడ ఎత్తింది. గడియారమ్మ ఆయా పేరు చెప్పింది.

"ఎవరికీ ఏమీ కాలేదుగా అమ్మా?" అంది ఆవిడ గాభరాగా.

గడియారమ్మ ఫోన్‌ను చెవికి అదుముకుంది. "మీ దగ్గర ఏమైంది?"

"నన్నేమీ అడక్కండి. రాయమన్నారు, రాశాను," అని పెట్టేసింది.

గడియారమ్మ ఎవరికీ చెప్పకుండా బస్సెక్కింది. అవతలి డేకేర్‌కు చేరేసరికి మధ్యాహ్నం రెండు. గుమ్మం దగ్గర బుల్లి బుల్లి బూట్లు వరసగా ఉన్నాయి. లోపల అలికిడి లేదు.

యజమాని నవ్వుతూ ఎదురొచ్చాడు. "మీరు చెప్పింది నిజమేనండీ! మా పిల్లలు ఇంత బుద్ధిగా ఎప్పుడూ పడుకోలేదు."

ఆమె అతన్ని తోసుకుంటూ లోపలికెళ్లింది. ఒక్కొక్కరినే కుదిపింది. మూలిగారు, కదిలారు. కిటికీ పక్కనున్న బాబు మాత్రం కదల్లేదు. పెదాలు నీలంగా ఉన్నాయి.

"ఇప్పుడే పడుకున్నాడక్కా, లేపకండి," అంది ఆయా మెల్లగా, వెనకనుంచి.

బాబు నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉండి బతికి బయటపడ్డాడు. వాణ్ణి ఆస్పత్రికి చేర్చే హడావుడిలో ఆయా దొడ్డిదారిన జారుకుంది. లెటర్ మీద సంతకం ఎవరిదని పోలీసులు అడిగితే, "నాదే," అంది గడియారమ్మ. మేడం తనకేమీ తెలియదంది. గడియారమ్మ ఉద్యోగం పోయింది. ఆమెకు ఒక మంచి మాట రాసిచ్చే నాథుడు లేడు.

ఇప్పుడు ఒక హోటల్లో దుప్పట్లు మడతపెడుతోంది. భోజనాల వేళ ఓ మూల కూర్చుని, ఒక్కో డేకేర్‌కూ ఫోన్ చేస్తుంది. "మీ దగ్గర ఈమధ్య ఆయా ఎవరైనా చేరారా అండీ? మెత్తగా మాట్లాడే మనిషి..." కొందరు కసురుకుంటారు. కొందరు సగంలోనే పెట్టేస్తారు. ఆయా జాడ ఇంకా తెలియలేదు. ఫోన్ చేయాల్సిన ఊళ్లు చాలా ఉన్నాయి.