ఈరక్క జీపు విప్పిన ఎండాకాలం

నిన్న పొద్దున వై.ఎన్.హొసకోటలోని నా షెడ్డులో ఒక పాత జీపు కింద పడుకొని గేరుబాక్సు అడుగు బోల్టు విప్పాను. నల్లటి ఆయిలు ఇనప తట్టలోకి జారింది. ఆ ఆయిలుకు ఒక ఘాటు వాసన ఉంటుంది, అగ్గిపుల్ల గీసి ఆర్పినప్పుడు వచ్చే గంధకపు వాసన లాంటిది. చాలామంది ముక్కు మూసుకుంటారు. నాకు ఈరక్క గుర్తొస్తుంది.

ఈరక్క నాకు చుట్టం కాదు. నాగలమడిక దగ్గర మా ఊళ్ళో ఆమెకొక జీపు ఉండేది, దానికి నేను డ్రైవరుని. మనుషుల్నీ వేరుశనగ మూటల్నీ తోలుకోవడానికి ఆమె భర్త ఆ బండి కొన్నాడు. కొన్న కొన్నాళ్ళకే కామెర్లతో పోయాడు. బండి అమ్మేస్తుందని ఊరంతా అనుకుంది. ఆమె అమ్మలేదు. స్టీరింగు పట్టడం రాకపోయినా ప్రతి ట్రిప్పుకూ నా పక్క సీట్లో కొంగు నడుముకు దోపుకొని కూర్చునేది. తక్కువ మాట్లాడేది. ఎవరికి ఏం చెప్పిందో మాత్రం ఎన్నాళ్ళయినా గుర్తుపెట్టుకునేది.

వేరుశనగ వరసగా ఎండిపోయిన కాలం అది. పూత మీద ఉండగా వాన మొహం చాటేసేది. పీకిన చెట్లకు కాయలకన్నా మట్టే ఎక్కువ వచ్చేది. మా ఊరి పక్క ఎండిన ఏటి అవతల గుట్ట కింద గొర్రెల కాపర్ల హట్టి ఉంది, కొద్ది ఇళ్ళ చిన్న పల్లె. వాళ్ళ బోరు ఎండిపోతే, మా ఊరి బోరు నుంచి డ్రమ్ముల్లో నీళ్ళు నింపి జీపులో మేమే తోలేవాళ్ళం. ఏటి ఇసుకలో మామూలు గేరు పనిచేయదు. నాలుగు చక్రాలకూ బలం అందించే రెండో పెట్టె గేరుబాక్సు వెనకాల ఉంటుంది. మేము దాన్ని చిన్న గేరుబాక్సు అనేవాళ్ళం. ఆ ఎండాకాలం అదే కూత మొదలుపెట్టింది. మొదట సన్నగా ఈల వేసినట్టు ఉండేది. యాక్సిలరేటరు తొక్కితే లేచేది, వదిలితే అణిగేది. పోనుపోను తిరగలిలో గులకరాళ్ళు పోసి తిప్పినట్టయింది.

"సిద్దా, ఈ సద్దు యాడ్నుంచి వస్తాంది?" అని అడిగింది ఈరక్క.

"చిన్న గేరుబాక్సులోంచి అక్కా. లోపల ఏదో అరిగిపోయినాది."

"ఇట్లే తోలితే?"

"ఒగ దినం ఏటి నడుమ నిలిచిపోతాది. డ్రమ్ములతో సహా ఆడే ఉండల్ల."

పావగడలో వర్క్‌షాపుకు తోలుకుపోతే బండి వారాల తరబడి అక్కడే ఉండిపోతుందని ఇద్దరికీ తెలుసు. ఇంటి దగ్గరే విప్పుదామంది. ముందు హట్టికి పోయి, "బండి రిపేరికి పెడ్తాండాం. సోమవారం పొద్దున నీళ్ళు తెస్తాం. అందాక ఎద్దులబండి పంపిస్తా, సర్దుకోండి" అని చెప్పి వచ్చింది.

వేరుశనగ ఆరబోసే కళ్ళంలో బండి నిలిపి, సీట్లు తీసి, అడుగు రేకులు విప్పాను. ఆయిలు దించి కింది మూత ఊడదీశాను. షాఫ్టును సుత్తితో వెనక్కి కొడితే పళ్ళచక్రం నా అరచేతుల్లోకి దిగింది. దానిలోపలి సూదుల్లాంటి రోలర్లు ఈరక్క పరిచిన పాత చీర మీద చెల్లాచెదురుగా పడ్డాయి. షాఫ్టు మీద వేలు పెడితే చాళ్ళు తగిలాయి. ఎద్దు మెడ మీద కాయగాసిన చోటు తడిమినట్టు ఈరక్క కూడా దాన్ని తడిమి చూసింది. ఆమె మరిది ఓబన్న బస్సులో హిందూపురం పోయి కొత్త షాఫ్టు, రోలర్లు తెచ్చాడు.

బిగించడమే కష్టమైంది. ఆ ఎండకు గ్రీజు కరిగి, అమర్చిన రోలర్లన్నీ జారి రాలేవి. వర్క్‌షాపుల్లో అయితే లోపల ఒక ఉత్తుత్తి కడ్డీ పెట్టి వాటిని నిలబెడతారు, అసలు షాఫ్టు తోస్తుంటే అది బయటికి వచ్చేస్తుంది. ఆ మాట చెప్పగానే ఈరక్క కలుపు తవ్వే తన గుద్దలికున్న కర్ర కామ ఊడదీసి తెచ్చి, కావలసినంత కోసి, గాజుపెంకుతో గీకి నునుపు చేసి ఇచ్చింది. సరిగ్గా పట్టింది.

ఆదివారం సాయంత్రం బండి తీశాం. గరగర పోయింది, కూత పోలేదు. ఇసుకలోకి దిగితే లోపల ఎవరో మూలిగినట్టే ఉంది.

ఓబన్న కాస్త దూరం మాతో నడిచి విన్నాడు. "ఒగ బొచ్చెడు రంపం పొట్టు లోపల పోసి మూత బిగించు సిద్దప్పా. గమ్మునుంటాది. రేపు ఆడ బిందెలు పెట్టుకోనుంటారు" అన్నాడు. అతని ఆదుర్దా అంతా హట్టి గురించే.

"పొట్టు పోస్తే బాగయితాదా?" అంది ఈరక్క.

"బాగయ్యేది యాడ వదినా. సద్దు ఇనపడదు అంతే. వానలొచ్చేదాకా జరుగుతాది."

"సద్దు కూడా ఇనపడకపోతే, అది చెడిపోయేది మనకెట్ల తెలిసేది?"

ఈరక్క పొట్టు పోయనివ్వలేదు, బండిని మళ్ళీ కళ్ళంలోకే తిప్పించింది.

సోమవారం తెల్లవారగానే ఈరక్క మా ఇంటి ముందుకొచ్చి, "రాప్పా, హట్టికి పోయొద్దాం" అంది. ఏటి ఇసుకలో నడుచుకుంటూ పోయాం. జీపు ఆగే చోట బిందెలు వరసగా పెట్టి ఉన్నాయి. ఆడవాళ్ళు మమ్మల్ని చూసి లేచి నిలబడ్డారు. వాళ్ళలో పెద్దది చిత్తవ్వ.

"నడిచి వచ్చినారేమ్మా?"

"బండి ఇంకా కాలేదు చిత్తవ్వా. సోమవారం అని చెప్పినదాన్ని నేనే. మాట తప్పినాను."

"పిల్లోళ్ళకి ఏం తాపల్ల మేము?"

ఈరక్క నావైపు చెయ్యి చూపలేదు, సామాన్ల మీదా నెపం పెట్టలేదు. చిత్తవ్వ చాలాసేపు తిట్టింది. నాకు తల ఎత్తాలనిపించలేదు. చివరికి, "మళ్ళ ఎప్పుడు?" అని అడిగింది.

"ఇప్పుడు చెప్పలేను. అయినా కాకపోయినా రేపు సాయంత్రం వచ్చి చెప్తా."

ఎద్దులబండి ఆదివారం వరకే దొరికింది. వాళ్ళు బిందెలు ఎత్తుకొని దూరపు బావి దారి పట్టారు. ఆఖరి మనిషి గుట్ట మలుపు తిరిగేదాకా ఈరక్క అక్కడే నిలబడింది.

తిరిగి వస్తుంటే ఉండబట్టలేక అడిగాను. "ఎవరితోనన్నా చెప్పి పంపింటే సరిపోయేది గదక్కా?"

"చెప్పి పంపితే వాళ్ళు ఎవర్ని తిట్టల్ల? నువ్వేమో బండి కింద పండుకోని, వాళ్ళు దారి చూస్తాంటారని తలుచుకుంటా ఉంటావు. చెయ్యి ఆడదు. ఇప్పుడు చెప్పేసినాం. నిదానంగా చూడు" అంది.

నిదానంగానే చూశాను. వెనక షాఫ్టును చేత్తో పట్టి ఊపితే ముందుకూ వెనక్కూ ఆడింది. బేరింగు మూత కింద పల్చటి రేకులు పెడతారు. పూర్వం ఎవరో అవసరానికి మించి పెట్టారు. ఒక్కొక్కటే తీసి, బిగించి, మళ్ళీ ఊపి చూస్తూ పోతే చివరికి ఆట ఆగింది. మర్నాడు సాయంత్రం డ్రమ్ములు నింపుకొని ఏట్లోకి దిగాం. ఇంజను చప్పుడు, డ్రమ్ముల్లో నీళ్ళు తొణికే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. చిత్తవ్వ మెచ్చుకోలేదు. బిందె తెచ్చి డ్రమ్ము కింద పెట్టి, "కానీమ్మా" అంది. ఈరక్క పైపు వదిలింది.

తర్వాత కొన్నేళ్ళకు హట్టిలో కొత్త బోరు పడింది. ఈరక్క జీపు అమ్మేసి, మడకశిరలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. అక్కడే పోయిందని ఆలస్యంగా తెలిసింది. స్పానరు పని నేను చాలామంది దగ్గర నేర్చుకున్నాను. పని కాలేదని పోయి చెప్పడం ఒక్క ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పటికీ ఫోను మోగేదాకా ఆగను, మనిషి ఎదురుగా పోయి నిలబడతాను. కొందరు తిడతారు. ఇద్దరు ముగ్గురు బండి వేరే షెడ్డుకు తోలుకుపోయారు కూడా. పోయిన ముంగారులో, అదే తొలకరిలో, మంచి పదును వాన పడిన మర్నాడు, ఒక రైతు ట్రాక్టరు అనుకున్న వేళకు తయారు కాలేదు. పొద్దున్నే అతని చేనుకు పోయి ఆ సంగతి చెప్పాను. అతను నా మొహం కూడా చూడకుండా ఎద్దుల కోసం పక్క ఊరికి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికి ఎద్దులు దొరికాయి. తేమ ఆరకముందే విత్తనం పడింది.