మా మామ పడవ, గంగమ్మ ముడుపులు

మొన్న పేపర్లో ఒక వార్త చదివి వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఓడల అడుగు నున్నగా ఉంటే నీళ్లు పట్టి లాగవట, నూనె మిగులుతుందట. మా అత్తమ్మ ఉండుంటే, "గిది పేపర్ల రాసేదాక తెల్వదా?" అనేది.

నేను కేసముద్రం పిల్లను. గింజల బస్తాలు, లారీలు తప్ప నది ఎరగను. పెళ్లై కాళేశ్వరం దగ్గర గోదావరి ఒడ్డుకు కాపురానికొచ్చిన ఏడే మా మామ జనాన్ని నది దాటించే తన పడవకు బావి మీది డీజిల్ ఇంజిన్ బిగించాడు. ఏళ్ల తరబడి వెదురు గడతో పడవను తోసీ తోసీ ఆయన కుడి భుజం లేవడం మానేసింది. ఇక ఆ ఇంజినే మా ఆశ. అది డీజిల్ తాగే తీరు చూస్తే పెళ్లివారు కల్లు తాగినట్టుండేది. పొద్దున నింపిన డబ్బా పొద్దు వాలకముందే ఖాళీ. "ఇగ ఇంజిన్ అమ్మేస్త. మల్ల గడే గతి," అన్నాడు మామ ఒకరోజు అన్నం ముందు కూర్చుని. ఎడమ చేత్తో తింటున్నాడని అప్పుడే చూశాను. ఏడుపొచ్చింది.

తప్పు ఇంజిన్‌ది కాదు, మా భక్తిది. నది దాటే ఆడవాళ్లు కొబ్బరికాయ గుడ్డలో చుట్టి, గంగమ్మ పేరిట పడవ అంచుకు ముడుపు కట్టేవారు. మొదటిది మా అత్తమ్మదే, పెనిమిటి క్షేమంగా తిరిగి రావాలని. అవన్నీ నీళ్లలో వేలాడి, నాచు పట్టి, పడవకు గడ్డం మొలిచినట్టుండేది. నీళ్లు ఆ గడ్డం పట్టి పడవను వెనక్కి లాగేవి. మామ ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు.

ఇంజిన్ అమ్ముతానన్న మర్నాడు అత్తమ్మ తలస్నానం చేసి, నదికి దండం పెట్టి, ముందు తన ముడుపే కోసింది.

"ఏందే, నా పానం మీద ఆశ లేదా?" అని మామ కేక.

"నువ్వు మునుగొద్దనే కట్టిన. గిప్పుడు గీ బరువుకే మునిగేటట్టున్నవ్. గంగమ్మ సుత చూస్తనే ఉన్నది."

ముడుపులన్నీ పడవ మీది పందిరి వెదురుకు కట్టాం. ఇంజిన్ విప్పి, ఒడ్డువాళ్లను పిలిచి పడవను బోర్లించి, కొబ్బరి చిప్పలతో నాచు గీకాం. చేపల వాసన నాలుగు రోజులు నా చేతుల్ని వదల్లేదు. ఎండాక గుగ్గిలం నూనెలో కాచి అడుగంతా పూశాం.

మళ్లీ ఇంజిన్ బిగించి నీళ్లలోకి దింపిన రోజు, పొద్దంతా నడిపి సాయంత్రం మామ డబ్బాలో పుల్ల ముంచి చూశాడు. తుడిచి మళ్లీ ముంచాడు. "ఇంక ఉన్నదే!" అన్నాడు, ఎవరో మోసం చేసినట్టు. అత్తమ్మ పందిరి వైపు చూసి దండం పెట్టుకుంది. ఇంజిన్ అమ్మే మాట మళ్లీ మా ఇంట్లో వినపడలేదు.

ఆ గడను అత్తమ్మ పెరట్లో అడ్డంగా కట్టి బట్టలు ఆరేసే దండెం చేసింది. దాని మీద ఎన్ని బట్టలు ఆరాయో, ఎన్ని ఎండలు పోయాయో. ఆ ఏడాది మాత్రం నాలో ఇంకా తడారలేదు.