అటక మీది చాప

నరసరావుపేట బస్టాండులో పొద్దున ఏడింటి పల్లెవెలుగు ఎక్కాను. చంకలో చుట్టిన పెద్ద ఈతచాప. కండక్టరు ఆధార్ చూసి సున్నా టికెట్ ఇస్తూ, "ఎక్కడ పడుకోడానికమ్మా?" అని నవ్వాడు.

మా ఆయన పడుకోడానికే అనుకున్నాను నేనూ. దాచేపల్లి అవతల కృష్ణ ఒడ్డున మా మామగారి పాత టేకు పడవకి వారంగా తారు పూస్తున్నాడాయన. "అటక మీద చాప ఉంది, పొద్దున్నే పట్టుకురా" అని ఫోన్ చేశాడు. పడవలో మా మరిదికి సగం వాటా. "గాలికే అవతలి ఒడ్డు చేరితే నువ్వే ఉంచుకో అన్నా. చేరకపోతే కోయించి కలప అమ్మేద్దాం" అన్నాడతను. గడువు ఆ రోజే. నాకు కుదురెక్కడిది?

పిడుగురాళ్లలో సున్నపు లారీల వెనక బస్సు చాలాసేపు ఆగింది. ఆ దారిన వెళ్లేవాళ్లు దుమ్ము పడకుండా కిటికీ మూసుకుని కూర్చోండి. "చాప నిలబెట్టక్కా, కాళ్లకి గుచ్చుకుంటంది" అంది పక్కనామె. దాచేపల్లిలో ఇడ్లీ తిన్నాను, రుచి తెలియలేదు. అక్కణ్ణుంచి ఆటో.

చాప చూడగానే మా ఆయన నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"ఇదేందే?"

"చాప."

"ఒసే, నేనడిగింది తెరచాప! గుడ్డ మూట కనపళ్లా అటక మీద?"

"తెర అని ఒక్క ముక్క ఎక్కువంటే నోరు నొప్పా?"

పక్కనే ఉన్న మరిది పగలబడి నవ్వాడు. "రంపం వాళ్లు సాయంత్రం వస్తారు వదినా. అందాకా పరుచుకుని పడుకో."

ఇంటికెళ్లి తిరిగి రావడానికి పొద్దు చాలదు. పైగా ఆకు కదలడం లేదు. మధ్యాహ్నమంతా ఒడ్డు వెంట అటూ ఇటూ తిరిగాను. మూడు దాటాక పైరగాలి లేచింది.

"ఆ చాపే కట్టు" అన్నాను.

"ఏమే, పిచ్చా?" అంటూనే తెరచాప కొయ్యకి కట్టాడు. కింది మూల తాడు నా చేతికిచ్చి చుక్కాని పట్టాడు. మరిది కూడా ఎక్కాడు.

చాప చిటపటలాడింది. పడవ కదిలింది. నది నడుమ గాలి పడిపోతే మరిది తెడ్డు అందుకోబోయాడు. "ముట్టుకోబాక!" అని మా ఆయన అరిచాడు. మళ్లీ గాలి వచ్చింది. తాడు అరచేతులు కోసింది. అనుకున్న చోటికి బాగా దిగువన పడవ ముక్కు ఇసుకలో గుచ్చుకుంది.

ఆ ఒడ్డు తెలంగాణ. అక్కడ బట్టలుతికే ఆమె మమ్మల్ని చూసి, "గిదేందక్కా, మంచం సుత తెచ్చిన్రా?" అంది.

మరిది గొణిగాడు: "తెరచాప అనుకున్నాంగా, ఇదేంది?"

"గాలికే అన్నావు గదయ్యా. గాలి ఏ చాప అని అడిగిందా?" అన్నాను.

మరిది ఫోన్ తీసి రంపం వాళ్లని రావద్దన్నాడు. తెడ్లతో ఇవతలికి వచ్చాం.

తిరుగు బస్సులో అదే కండక్టరు. అంచులు చీలిన చాప చూసి, "నిద్ర పట్టిందా అమ్మా?" అన్నాడు.

"కునుకు లేదు బాబూ."

ఊళ్లు వెనక్కి పోతున్నా నాకింకా కాళ్ల కింద నీళ్లే. కిటికీలోంచి గాలి కొట్టినప్పుడల్లా ఒళ్లో చాప లేస్తోంది. నరసరావుపేట దాకా దాని మూల వదల్లేదు.